మొద్దులున్న అడవి తెర

పాల్వంచ దాటి ఏడెనిమిది కిలోమీటర్లు పోయాక బస్సు వెనక టైరు కూర్చుంది. స్టెప్నీ ఉంది గానీ జాకీ లేదు. కండక్టరు, ఇందులో తన తప్పేమీ లేదన్న ముఖం పెట్టుకుని, వెనక వచ్చే బస్సులో ఎక్కిస్తానన్నాడు. జనం దిగి రోడ్డు పక్కన నీడలు పంచుకున్నారు. కొందరు బస్సును తిట్టారు, కొందరు రోడ్డును. ఒక ముసలాయన మాత్రం టైరు చుట్టూ తిరిగి, చచ్చిన దున్నపోతును చూసినట్టు చూసి, తృప్తిగా బీడీ ముట్టించాడు. ప్రయాణం ఆగిపోతే తప్ప మనుషులు ఉన్నచోట ఉండరు.

జానీ మియా కల్వర్టు గోడ మీద కూర్చుని ఎదురుగా ఉన్న నల్లమద్ది చెట్టును చూస్తున్నాడు. యాభై ఆరేళ్ళ మనిషి. సన్నగా, పొడుగ్గా, గోళ్ళ సందుల్లో ఏనాటివో రంగులు. చెట్టును చూసినవాళ్ళు నీడ ఎంతుందని చూస్తారు, లేదా కలపకు పనికొస్తుందా అని చూస్తారు. ఆయన చూపు వేరు. ఈ బెరడును పుట్టించాలంటే ఏం కావాలి? ప్లైవుడ్డు మీద గోనెగుడ్డ అంటించాలి, దాని మీద సిమెంటు పాలు పొయ్యాలి, అది ఆరీ ఆరకముందు పాత దువ్వెనతో గీరాలి. మొసలి వీపులా పగులుతుంది. పగుళ్ళలోకి పల్చటి నలుపు, పైన బూడిద రంగు ఒక్క చెయ్యి. పన్నెండేళ్ళు హైదరాబాదులో సినిమాల ఆర్ట్ డిపార్టుమెంటులోనూ, ఆ తర్వాత టీవీ సీరియళ్ళ సెట్లలోనూ ఆయన చేసింది ఇదే. ఇప్పుడు పోతున్నదీ అలాంటి పనికే. భద్రాచలంలో ఒక ఛానల్ వాళ్ళు పాటల కార్యక్రమం పెడుతున్నారు, సాయంత్రానికల్లా థర్మకోల్ కోట గుమ్మం ఒకటి నిలబడాలి.

రెండువేల ఎనిమిదో సంవత్సరం, డిసెంబరు నెల. ఎండ ఉంది గానీ కాటు లేదు.

సైకిలుకు రెండువైపులా అడ్డాకుల మోపులు కట్టుకుని ఒక మనిషి ముందుకు పోయాడు. పది గజాలు పోయాక కాలు నేలకు ఆనించి ఆపాడు. తల తిప్పి చూశాడు. సైకిలును మళ్ళీ వెనక్కి నడిపించుకుంటూ వచ్చి కల్వర్టు ముందు నిలబడ్డాడు.

"మొద్దుల సాయిబువి నువ్వే గద?"

జానీ మియాకు నవ్వు వచ్చింది. ఆ పేరు తనకు ఉన్నట్టు ఆయనకు తెలియదు. "మొద్దులేంది తమ్మీ?"

"నాలుగేండ్ల కింద మా చేన్ల మూడు దినాలు కూసోని రాసుకున్నవ్ గద. మా అవ్వ గొడ్డలి ఒళ్ళె పెట్టుకోని నీ వెనక కూసుంది."

గొడ్డలి మాట రాగానే ఆయనకు అన్నీ గుర్తొచ్చాయి. ఈ మనిషి పగిడయ్య. వాళ్ళమ్మ పుల్లమ్మ. వాళ్ళ గూడెం తునికిబండ, ఇక్కణ్ణుంచి లోపలికి ఐదు కిలోమీటర్లు.

పగిడయ్య సైకిలును చెట్టుకు ఆనించి, పక్కన కూర్చుని, ఊపిరి తిప్పుకోకుండా చెప్పుకొచ్చాడు. అడవి కొట్టి సాగుచేసుకునే పోడు భూములకు పట్టాలిచ్చే చట్టం వచ్చింది. ఊరూరా అటవీ హక్కుల కమిటీలు పెట్టారు. రెండువేల ఐదు డిసెంబరు పదమూడుకు ముందునుంచే ఆ భూమిని సాగు చేస్తున్నట్టు రుజువు చూపాలి. అందరూ దరఖాస్తులు పెట్టారు. రేపు పొద్దున అటవీ శాఖ వాళ్ళు, రెవెన్యూ వాళ్ళు, కమిటీ వాళ్ళు కలిసి చేలు చూడడానికి వస్తారు. పక్క చేను దూలయ్యకు ఏ బాధా లేదు. ఆయన్ను తొంభై ఎనిమిదిలో పోడు కొడుతుండగా పట్టుకుని కేసు రాశారు. ఆ కేసు కాగితమే ఇప్పుడు ఆయన రుజువు. పదేళ్ళు ఆ కాగితాన్ని సిగ్గుతో దాచిపెట్టిన మనిషి ఇప్పుడు దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని తిరుగుతున్నాడు. పుల్లమ్మ మాత్రం పదిహేనేళ్ళుగా ఎవరి కంటా పడకుండా, పొగ కూడా పైకి లేవకుండా సేద్యం చేసింది. అంత జాగ్రత్తగా చేసింది కనక ఇప్పుడు ఆమె దగ్గర ఒక్క కాగితమూ లేదు.

"దొరికిపోయినోనికి కాయితముంది, దొరకనోళ్ళకు లేదు," అన్నాడు పగిడయ్య. "నీ తెర ఒక్కటే ఉంది మాకు. దాని మీద తారీఖు ఏసినవంట గద. మనూరోళ్ళు నాటకంల చూసిండ్రు. చేను ఉంది, మంచె ఉంది, గుడిసె ఉందన్నరు. దరఖాస్తుల గుడిసె గూడ రాయించినం."

గుడిసె అన్న మాట దగ్గర జానీ మియా తల ఎత్తాడు. ఏదో అడగబోయాడు. అంతలో ఖమ్మం వైపు పోయే బస్సు మలుపు తిరిగింది. పగిడయ్య లేచి చెయ్యి అడ్డం పెట్టేశాడు, ఆయన ఒప్పుకున్నాడో లేదో కూడా చూసుకోకుండా. కొందరి నమ్మకం అలా ఉంటుంది, దానికి ఎదురు చెప్పే వ్యవధి ఇవ్వదు. తెర ఖమ్మంలో తన ఇంట్లోనే ఉంది. జానీ మియా ఎదురు దిశ బస్సెక్కి, సీట్లో కూర్చున్నాక, భద్రాచలం వాళ్ళకు ఫోను చేసి బస్సు ఆగిపోయిందని చెప్పాడు. అది నిజమే. ఇంకొకణ్ణి చూసుకుంటామన్నారు వాళ్ళు. అదీ నిజమే.

ఆ తెర సంగతి చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

జానీ మియా తండ్రి ఖమ్మంలో రేకు పెట్టెల మీద పూలు వేసేవాడు. పెళ్ళికూతుళ్ళ వెంట వెళ్ళే పెట్టెలు. మూత మీద తామరపువ్వు, రెండు పక్కలా చిలకలు. ఒక్కో పెట్టెకు పావుగంట. పిల్లవాడు చిలక ముక్కులతో పని మొదలుపెట్టి, తర్వాత దుకాణాల బోర్డులు, ఎన్నికల గోడరాతలు, సినిమా హాళ్ళ బ్యానర్ల దాకా వచ్చాడు. బ్యానరు పని ఆయనకు ఒక సంగతి నేర్పింది. బొమ్మ ఎప్పుడూ గీసేవాడి కోసం కాదు, రోడ్డు అవతల నిలబడ్డవాడి కోసం. దగ్గర్నుంచి చూస్తే హీరో చెంప మీద ఆకుపచ్చ మరక ఉంటుంది. అవతలి ఫుట్‌పాత్ నుంచి చూస్తే అదే గడ్డం నీడ. నాటకాల తెరకు వచ్చేసరికి ఆ అవతలి ఫుట్‌పాత్ చివరి వరసగా మారింది, అంతే.

హైదరాబాదు వెళ్ళాక ఆయన చేతికి అబ్బిన విద్య పాతదనం. కొత్త చెక్కకు వందేళ్ళ వయసు తెప్పించడం, నిన్న పోసిన ప్లాస్టరును వాన తిన్న గోడ చేయడం. తలుపును ఎక్కడ ముట్టుకుంటారో అక్కడే మురికి పట్టించాలి, గడియ చుట్టూ, నడుము ఎత్తున. చాలామంది అంతటా పూసేస్తారు, అక్కడే దొరికిపోతారు. సీరియళ్ళలో ఒకే హాలును మూడు కుటుంబాల ఇళ్ళుగా చూపించేవాడు. కర్టెన్లు మార్చి, దేవుడి పటం గోడ మార్చి, సోఫా మీద గుడ్డ మార్చి. మూడు ఇళ్ళ ఆడవాళ్ళు ఒకరినొకరు ఏడ్పించుకునేది ఒకే గోడ ముందు. ఆయన పేరు మాత్రం సినిమా తెర మీద ఒక్కసారి పడింది. పన్నెండు మంది జాబితాలో 'జాని' అని. భార్య అక్బరీ బేగం ఆ సినిమాకు రెండుసార్లు పోవాల్సి వచ్చింది, మొదటిసారి సరిగ్గా ఆ క్షణానికి ముందు వరసలో ఒకాయన పంచె సర్దుకోవడానికి లేచాడు.

రెండువేల నాలుగు ఫిబ్రవరిలో ఒక సినిమావాళ్ళు లొకేషన్లు చూసుకుంటూ ఈ అడవికి వచ్చారు. రెండు రోజులు తిరిగి, నచ్చక, వెళ్ళిపోయారు. వాళ్ళ వెంట వచ్చిన జానీ మియా వెళ్ళలేదు. అన్నేళ్ళు అడవులు చేశాడు గానీ ఒక అడవిని కూర్చుని చూసింది లేదు. తునికిబండ పక్కన ఒక పోడు చేను గట్టు మీద కాగితాలు పెట్టుకుని కూర్చున్నాడు. అటవీ శాఖ మనిషేమో, చేను కొలతలు రాసుకుంటున్నాడేమో అని పుల్లమ్మకు భయం. మొదటి రోజంతా ఆమె అతని వెనక, గొడ్డలి ఒడిలో పెట్టుకుని కూర్చుంది. మాట లేదు. రెండో రోజు కాగితం మీదికి వంగి చూసింది. మూడో రోజు జొన్న అంబలి తెచ్చి పెట్టింది. అంబలితోపాటు గొడ్డలీ వచ్చింది, అది వేరే సంగతి.

అప్పుడే తిరుమలాయపాలెం దగ్గర నాటకం ఆడబోతూ పద్మావతమ్మ అడవి తెర అడిగింది. ఆమెది పద్యనాటకాల బృందం. ముప్పై ఏళ్ళు రాజు వేషాలు కట్టిన ఆడమనిషి, మామూలుగా మాట్లాడినా చివరి వరసకు వినిపిస్తుంది. రాజు రాజ్యం పోగొట్టుకుని అరణ్యానికి వచ్చే ఘట్టానికి తెర కావాలి, అడవి ఉండాలి, అడవిలో ఆశ్రమం ఉండాలి అని చెప్పింది. నాటకాల అడవి ఎలా ఉంటుందో మైదానపు ఊళ్ళన్నిటికీ తెలుసు. ఎడమన జలపాతం, మధ్యన కొలను, కొలనులో హంసలు, పూలగుత్తులు. ఎవరో ఎప్పుడో వేశారు, తర్వాత అందరూ దాన్నే చూసి వేశారు. జనం ఆ అడవికి అలవాటుపడి, నిజం అడవికి పోయినప్పుడు హంసలేవని అడుగుతారు.

జానీ మియా మార్కీను గుడ్డ కుట్టించి, సుద్ద పట్టించి, పొడి రంగులు వజ్రం జిగురులో కలుపుకుని తాను చూసిన అడవిని వేశాడు. కాలిన మొద్దులు, వాటి మధ్య కంది మోళ్ళు, నాలుగు కాళ్ళలో ఒకటి పొట్టిదై కింద రాయి ఎత్తు పెట్టిన మంచె, కుడి అంచున ఏనుగు కూర్చున్నట్టు ఒక నల్ల బండ. జింకను ఒకదాన్ని వేశాడు, సన్నటి నీటి పాయ ఒకటి వేశాడు, పద్మావతమ్మ మాట పూర్తిగా తీసెయ్యలేక. అలవాటు ప్రకారం కింద మూల 'జానీ ఆర్ట్స్, ఖమ్మం' అని రాసి తారీఖు వేశాడు.

ఆ తెర ఒక్క రాత్రే ఎక్కింది. రాజు ఆ మొద్దుల ముందు నిలబడి, తనకెంత గతి పట్టిందో ఒక దీర్ఘమైన పద్యంలో చెప్పుకుంటుంటే, ముందు వరసల్లో ఎవరో గట్టిగానే అన్నారు, "రాజుగారు పోడు కొట్టనీకొచ్చిండా ఏంది?" నవ్వు వెనక్కి పాకింది. పద్మావతమ్మ పద్యం చివరి రాగం దాకా లాగింది, ఆమెది అలాంటి గొంతు. ఆ తర్వాత తెర చుట్టించి వాపసు పంపింది. ఆ నవ్విన వాళ్ళలో తునికిబండ నుంచి చుట్టపుచూపుగా వచ్చినవాడు ఒకడున్నాడన్న సంగతి జానీ మియాకు నాలుగేళ్ళ తర్వాత కల్వర్టు మీద తెలిసింది.

ఇంటికి చేరేసరికి పొద్దు వాలుతోంది. తెర డాబా మీద, కొడుకు రిజ్వాన్ ఫ్లెక్సు మిషను వచ్చిన చెక్కపెట్టె మీద కప్పి ఉంది. అక్బరీ బేగం కారణమేమిటని అడగలేదు. దాన్ని కిందికి దించి, ఒక చివర తాను పట్టుకుని దులిపింది. రెండు చోట్ల ఎలుకలు కొట్టాయి, ఒకచోట ఆమే మాసిక వేసి ఉంది. గోడకు కట్టి, ఇద్దరూ వీధి చివరిదాకా పోయి చూశారు.

అన్నీ ఉన్నాయి. గుడిసె కూడా ఉంది. ఎడమ వైపున, పొగ చూరిన కప్పుతో, గుమ్మం దగ్గర నేల నలిగి, తడిక మనుషులు పట్టుకునే చోట మాత్రమే నల్లబడి.

ఆ చేనులో గుడిసె లేదు. పద్మావతమ్మ ఆశ్రమం అడిగింది. మొద్దుల మధ్య మునుల ఆశ్రమం అతకదని దాన్ని పోడు గుడిసెను చేశాడు. ఎంత బాగా చేశాడంటే, ఆ తడిక మురికి చూసి ఎవరికీ అనుమానం రాలేదు. అక్కడ ఎప్పుడూ లేని గుడిసెను ఇప్పుడు సర్కారు దరఖాస్తులో కూడా రాశారు.

సంగతంతా విన్నాక అక్బరీ బేగం ఉర్దూలో మెల్లగా చెప్పింది ఏమంటే, మాట్లాడకుండా ఉంటే అబద్ధమాడినట్టు కాదు కదా అని. లేదా పది నిమిషాల పని, దాని మీద నాలుగు చెట్లు వేసెయ్యొచ్చు. రంగులు ఇంట్లోనే ఉన్నాయి. ఆయన ఆ రెండో మాట గురించి చాలాసేపు ఆలోచించాడు. కొత్త రంగును నాలుగేళ్ళ పాతదిగా చూపించడం ఆయనకు చేతి వేళ్ళతో నీళ్ళు చల్లినంత పని. కానీ గుడిసెను కప్పితే దరఖాస్తు అబద్ధమవుతుంది, ఉంచితే తెర అబద్ధమవుతుంది. ఒక గుడిసె నిలబడదని తేలితే పక్కన ఉన్న మొద్దుల్ని ఎవరు నమ్ముతారు? ఆ మొద్దులే గదా పుల్లమ్మ చేను.

తెరను వెదురు గడకు చుట్టి, తెల్లారి మొదటి బస్సు టాపు మీద వేయించుకుని వెళ్ళాడు. రోడ్డు మీద పగిడయ్య ఉన్నాడు. గుడిసె సంగతి చెబుదామని జానీ మియా దారిలో రెండుసార్లు మొదలుపెట్టాడు. పగిడయ్య మాత్రం, గడ ముందు కొసను భుజాన వేసుకుని, పట్టా వస్తే చేనులో బోరు వెయ్యాలా, ముందు ఎడ్లు కొనాలా అని మాట్లాడుతూ నడిచాడు. వెనక కొస మోసేవాడి మాట ముందువాడికి వినిపించాలంటే గట్టిగా చెప్పాలి. ఇది గట్టిగా చెప్పే మాట కాదు.

చేను గట్టు మీద పది పన్నెండు మంది ఉన్నారు. కమిటీ అధ్యక్షురాలు జంపక్క, నోటి దురుసుకు పేరున్న మనిషి. రెవెన్యూ సర్వేయరు, చేతిలో ఉపగ్రహాన్ని పట్టే చిన్న మిషనుతో. అటవీ శాఖ బీటు ఆఫీసరు రవీందర్, సత్తుపల్లి వైపు యువకుడు, మాట మెత్తన, చూపు గట్టి. పుల్లమ్మ ఒక మొద్దు మీద కూర్చుని ఉంది. గొడ్డలి లేదు. ఆయన్ను చూసి, నిన్ననే వెళ్ళి ఇవాళ వచ్చిన మనిషిని చూసినట్టు, తల పంకించింది.

రెండు చెట్ల మధ్య తెర కట్టగానే అందరూ దానికి ముక్కు ఆనించారు. సర్వేయరుకు మరకలు తప్ప ఏమీ కనబడలేదు. జంపక్క, ఇది చేనా, కుక్క కక్కిన కూడా అన్నది. జానీ మియా నొచ్చుకోలేదు, ఈ మాట ఆయనకు కొత్తకాదు. వెనక్కి నడవమన్నాడు. పది అడుగులు వేసి ఆగారు. ఇంకా అన్నాడు. ముళ్ళకంప దాటించాడు. సర్వేయరు చెప్పు తెగింది. యాభై అడుగుల దూరంలో నిలబెట్టి, ఇప్పుడు తిరిగి చూడండన్నాడు.

తెర చేనులో కలిసిపోయింది. గుడ్డ ఎక్కడ ఆగిందో, నేల ఎక్కడ మొదలైందో కళ్ళు చికిలించి వెతుక్కోవాల్సి వచ్చింది. కుడి అంచున గీసిన బండ, దాని పక్కనే నిజం బండ.

రవీందర్ ఒక్కడే మళ్ళీ దగ్గరికి పోయాడు. తారీఖును గోటితో గీకి చూశాడు. మాసికను చూశాడు. గుడిసె దగ్గర ఆగి, చేనువైపు చూసి, మళ్ళీ గుడిసెను చూశాడు.

"జానీ మియా గారూ, ఇదంతా చూసి వేశారా, అనుకుని వేశారా?"

నలభై ఏళ్ళ పనిలో ఆయన్ను ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. బాగుంది అన్నారు, బాగాలేదు అన్నారు, జల్దీ కానీ అన్నారు.

"కొంత చూసిన, కొంత అనుకున్న సార్."

"గుడిసె?"

జానీ మియా పగిడయ్య వైపు చూడలేదు. "అనుకున్నదే. ఈడ గుడిసె లేకుండె."

పగిడయ్య "సాయిబన్నా" అన్నాడు. అంతే అన్నాడు. వెనక ఎవరో, తిండి పెట్టి తెచ్చుకున్న సాక్షి ఎదురు తిరిగిండని గొణిగారు. జంపక్క వాళ్ళను కూర్చోమంది, కూర్చునేదాకా మళ్ళీ మళ్ళీ అంది.

రవీందర్ కాగితం మీద ఏదో కొట్టేశాడు. "మరి మిగతాది ఎలా నమ్మమంటారు?"

జానీ మియా తెర దగ్గరికి నడిచాడు. తన పనిని తానే వేలు పెట్టి చూపించడం ఆయనకు అలవాటు లేదు.

"గీ జింక అబద్ధం సార్. గీ నీళ్ళ పాయ అబద్ధం. గుడిసె అబద్ధం. అబద్ధాలన్నీ సక్కగున్నయి చూడున్రి. జనం అడుగుతరని ఏసినవి. మొద్దులెవరడిగిండ్రు? మొద్దులేసినందుకే నా తెర వాపస్ వచ్చింది, నన్ను చూసి నవ్విండ్రు. మంచె కాలు కింద రాయి పెట్టమని ఎవరన్న చెప్తరా? ఎవరికీ అక్కర లేంది నేనెందుకు పుట్టిస్త?"

రవీందర్ లెక్క మొదలుపెట్టాడు. తెరలో మొద్దులు ఏడు. ఒక్కొక్కదాని ఆకారం కాగితం మీద గీసుకుని చేనులోకి దిగాడు. మిగతావాళ్ళు వెంట పడ్డారు. మొదటిది, రెండుగా చీలింది, దొరికింది. రెండోదాని మీద పుల్లమ్మ కూర్చుని ఉంది, లేవమన్నారు. మూడోది సగం చెదలు తిన్నది గానీ వేరు వంకర అదే. నాలుగు, ఐదు బండ దగ్గరకు పోయే దారిలో. ఆరోది పోయిన వానాకాలంలో పొయ్యిలోకి పోయిందని పుల్లమ్మ చెప్పి, గుంట చూపించింది. ఏడోది కనబడలేదు. అందరూ వెతుకుతున్నారు. జంపక్క ఎటో చూస్తూ అంది, "అది దొరకదు తియ్. మా ఇంట్ల రోలయ్యింది."

పుల్లమ్మ అడిగింది, ఎవరినడిగి తీసుకుపోయినవని. జంపక్క, కమిటీ పని మీద ఉన్నప్పుడు ఇంటి మాటలు వద్దంది. సర్వేయరు కూడా నవ్వాడు. మంచె పోయింది గానీ, దాని పొట్టి కాలు కింద పెట్టిన రాయి, నేలలో సగం దిగి, అక్కడే ఉంది. రవీందర్ దాని పక్కన చాలాసేపు గొంతుక్కూర్చున్నాడు.

పని అక్కడితో అయిపోలేదు. పుల్లమ్మ దరఖాస్తులో చేను నాలుగెకరాలు. బండ ఇవతల రెండున్నర, అవతల ఒకటిన్నర. రవీందర్ బండ దగ్గర నిలబడి అడిగాడు.

"దీని అవతల కూడా అప్పుడు చేను ఉందా?"

అవునంటే అయిపోయేది. ఇందాక గుడిసె లేదన్న మనిషి మాటను ఇప్పుడు ఎవరూ అనుమానించరు, ఆ సంగతి ఆయనకు తెలుసు, రవీందర్‌కూ తెలుసు. పగిడయ్య ఆయన నోటి వైపే చూస్తున్నాడు. అవతల కంది మోళ్ళు కనబడుతున్నాయి, పాతవే కావచ్చు. నాలుగేళ్ళ కింద ఆయన గట్టు మీద కూర్చున్న చోటునుంచి బండ అడ్డం. లేచి నాలుగు అడుగులు వేసి ఉంటే చూసేవాడు. బొమ్మ బండ దగ్గర బాగా ఆగింది గనక లేవలేదు.

"నా గుడ్డ గీడికే సార్. అవతలికి నేను పోలె."

పగిడయ్య ఉమ్మేసి పక్కకు నడిచాడు. పుల్లమ్మ కొడుకును పిలవలేదు. జానీ మియా ఎదురుగా వచ్చి నిలబడింది. ఆమె అతని భుజం దాకా కూడా రాదు.

"నువ్వు సూసినంత సెప్పినవ్," అంది. "సూడంది నేను సెప్పుకుంట. భద్రయ్య తాత ఉన్నడు, అవతల నాతోని ఇత్తనం ఏసినోడు. పెద్దోళ్ళ మాట గూడ రాసుకోవాలంట గద." రవీందర్ వైపు తిరిగింది. "రాసుకుంటవా, రాసుకోవా?"

రాసుకుంటానన్నాడు రవీందర్. కానీ ఇవాళ కాదు, భద్రయ్య తాత పెద్ద కూతురి ఊరికి పోయాడు, తర్వాత వాంగ్మూలం తీసుకుని పై కమిటీకి పంపాలి. పై కమిటీ ఏమంటుందో తాను చెప్పలేడు. ఇవాళ మాత్రం బండ దాకా కొలుస్తాడు. తెరను కమిటీ దగ్గర ఉంచమన్నాడు, పైవాళ్ళు అడగవచ్చు. జానీ మియా సరేనన్నాడు. పంచనామా కింద సంతకం పెట్టమంటే పెట్టాడు. జంపక్క ఎవరినో అంబలి తెమ్మని గూడెంలోకి పంపింది. సాయిబు తినకుండా పోతే గూడెం పరువేం కావాలని కూడా అంది.

సర్వేయరు మిషను ఉపగ్రహాన్ని పట్టడానికి కొంతసేపు పట్టింది. అది కూయగానే అందరూ చేను అంచు వెంట నడక సాగించారు. ముందు సర్వేయరు, వెనక రవీందర్, తర్వాత జంపక్క, పుల్లమ్మ. పగిడయ్య అందరికీ వెనక, కాస్త ఎడంగా, చేతిలో కర్రతో ఒక్కో మలుపు దగ్గర గుర్తు పెడుతూ నడిచాడు. పడమటి గట్టు, పల్లపు అంచు, మళ్ళీ పైకి. వాళ్ళ మాటలు చిన్నగా వినబడుతున్నాయి.

జానీ మియా తెర పక్కన నిలబడి చూశాడు. వాళ్ళు ఇక తూర్పుకు తిరిగారు. ఇంకో వంద అడుగుల్లో బండ వస్తుంది. అక్కడ అవతలికి పోవాల్సిన వాళ్ళు ఇవతలికే మళ్ళుతారు. ఆ మలుపు తన గుడ్డ అంచు. దాన్ని నేల మీద, మనుషుల కాళ్ళతో గీస్తుంటే చూడాలనిపించలేదు.

గాలికి లేస్తున్న తెర కింది అంచు మీద ఒక రాయి పెట్టాడు. చెప్పులు తొడుక్కున్నాడు. గూడెం వైపునుంచి గిన్నె పట్టుకుని ఎవరో పిల్ల వస్తోంది, ఇంకా దూరంలోనే ఉంది. ఆయన ఆ దారి వదిలి ఎడ్లబండ్ల బాట పట్టాడు. మోదుగ చెట్ల మధ్యకు పోయేదాకా మామూలుగా నడిచాడు, తర్వాత కొంచెం వేగంగా. రోడ్డు ఐదు కిలోమీటర్లు.